గుడ్డ సంచి ఎన్నిసార్లు మోస్తే పచ్చనిదయిద్ది?

2022 జులై ఒకటిన, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్ల మీద దేశమంతా నిషేధం వచ్చింది. స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, చెవి పుల్లలు... ఆ లిస్టు చూసి నేనూ, మా వీధి కుర్రోళ్ళూ తెగ సంబరపడ్డాం. ఇదే అదునని ప్రత్తిపాడులో చందాలేసుకుని ఐదొందల గుడ్డ సంచులు కుట్టించాం. ఒక పక్కన చెట్టు బొమ్మ, ఇంకో పక్కన ‘ప్లాస్టిక్ వద్దు’ అని అచ్చు. కూరగాయల కొట్ల కాడ నిలబడి వచ్చేపోయే వాళ్ళ చేతుల్లో పెట్టాం. ఫొటోలు దిగాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం.

ఆ రోజు వరసకు అత్తయ్యే ఒకావిడ కూరగాయలకు వచ్చింది. కౌలుకు తీసుకున్న చేలో పత్తి, మిరప వేసే మనిషి. చేతిలో యూరియా గోతంతో కుట్టిన సంచి.

“అత్తా, అది ప్లాస్టిక్. దాన్ని పక్కన పడేసి ఇది తీసుకో” అన్నా.

ఆమె మా సంచిని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది పత్తేగా?”

“పత్తే అత్తా. భూమికి మేలు.”

“ఏ భూమికి అల్లుడూ? నా చేనుకా? పత్తికి ఎన్ని తడవలు మందు కొడతామో నీకు తెలవదా? ఈ గోతం సంచి నాలుగేళ్ళబట్టి మోస్తన్నా. బాగున్నదాన్ని పారేసి కొత్తది తీసుకుంటే మేలెట్టా అయిద్ది?”

నా దగ్గర జవాబు లేదు. నవ్వి ఊరుకున్నా. ఇంటికొచ్చినాక నవ్వు రాలేదు. మన ఊరి పేరులోనే పత్తి ఉంది. పత్తి ఎట్టా పండిద్దో చూస్తా పెరిగినోణ్ణి. ఆ సంచిలోకి దూది యాడి నుంచి వచ్చిద్దో నాకెందుకు గుర్తు రాలేదు?

నేను పెద్ద చదువులు చదివినోణ్ణి కాదు. ఇంగ్లీషు రిపోర్టు చదవాలంటే పక్కన డిక్షనరీ ఉండాల్సిందే. అయినా ఆ ప్రశ్న పట్టుకుని కొన్ని నెలలు కూర్చున్నా. నాకు అర్థమైంది మీతో పంచుకుందామనే ఇది రాస్తన్నా.

పుట్టుక నుంచి చావు దాకా లెక్క

ఒక వస్తువు భూమికి మేలా కీడా అని తేల్చడానికి శాస్త్రవేత్తలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ వస్తువు పుట్టిన కాడి నుంచి చచ్చే దాకా ప్రతి మెట్టులో ఎంత నీరు, ఎంత కరెంటు, ఎంత మందు, ఎంత పొగ అని కూడతారు. గుడ్డ సంచికైతే చేను, విత్తనం, ఎరువు, పురుగుమందు, జిన్నింగ్ మిల్లు, నూలు మిల్లు, మగ్గం, అద్దకం, లారీ, కొట్టు, చివరికి చెత్త దిబ్బ. మనం చూసేది కొట్టు కాడి సంచినే. లెక్క మాత్రం చేలో మొదలైద్ది.

ఇంగ్లండు ప్రభుత్వ పర్యావరణ సంస్థ 2011లో ఇట్టాంటి లెక్క ఒకటి బయటపెట్టింది. ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచితో పోలిస్తే, భూమి వేడెక్కే విషయంలో గుడ్డ సంచి సమానం కావాలంటే దాన్ని 131 సార్లు వాడాలని తేలింది. 2018లో డెన్మార్క్ ప్రభుత్వం ఇంకో లెక్క వేయించింది. అక్కడి సూపర్ మార్కెట్ ప్లాస్టిక్ సంచితో పోలిస్తే, వేడెక్కడం ఒక్కటే చూస్తే మామూలు పత్తి సంచిని 52 సార్లు వాడాలి. నీరు, నేల, విషాలు, ఓజోన్ పొర లాంటివన్నీ చూసి, అందులో ఎక్కువ దెబ్బ తగిలే దాన్ని లెక్కలోకి తీసుకుంటే 7,100 సార్లు వాడాలి. సేంద్రియ పత్తి సంచయితే 20,000 సార్లు.

20,000 సార్లంటే రోజుకొకసారి చొప్పున యాభై ఏళ్ళు దాటిద్ది. ఈ అంకె పట్టుకుని ‘గుడ్డ సంచి మోసం’ అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాటా పూర్తి నిజం కాదు. ఆ పెద్ద అంకెలు ఓజోన్ పొర అనే ఒక్క ఖాతా వల్ల అంత పైకి పోయినయ్. సేంద్రియ పత్తికి ఎకరా దిగుబడి తక్కువని లెక్కలో పెట్టారు కాబట్టి, అదే కిలో దూదికి ఎక్కువ నేల, ఎక్కువ పని పడింది. మందు కొట్టే మనిషి వైపు నుంచి చూస్తే విషం లేని సేద్యం విలువ వేరు. ఒక్క అంకెలో అదంతా ఇమడదు.

52 మాత్రం మన చేతిలో ఉన్న అంకె. వారానికొకసారి కూరగాయలకు పోతే ఏడాది. 131 అయితే రెండున్నరేళ్ళు. ఒక గట్టి సంచిని రెండున్నరేళ్ళు మోయడం పెద్ద పనా? మన అమ్మమ్మలు పదేళ్ళు మోశారు.

అసలు అంత తేడా ఎందుకు? మొదటి కారణం బరువు. పల్చటి ప్లాస్టిక్ సంచి ఏడెనిమిది గ్రాములు కూడా తూగదు. గుడ్డ సంచి నూటయాభై, రెండొందల గ్రాములు. రెండో కారణం పత్తి తాగే నీరు. మన దేశంలో ఒక కిలో దూదికి సగటున 22,500 లీటర్ల నీరు పట్టిద్దని నీటి లెక్కలు వేసేవాళ్ళు చెప్తారు. ప్రపంచ సగటు 10,000 లీటర్లు. అందులో వాన నీళ్ళు కూడా కలిసే ఉంటయ్. మన నల్లరేగడిలో వానమీదే పండే పత్తికీ, బోరు నీళ్ళతో పండే పత్తికీ ఒకటే లెక్క చెప్పలేం. అయినా ఆ సగటుతో కడితే నూటయాభై గ్రాముల సంచికి మూడు వేల లీటర్లు దాటిద్ది. రెండొందల లీటర్ల డ్రమ్ములు దాదాపు పదిహేడు.

మా ఐదొందల సంచుల లెక్క కూడా కట్టా. సంచికి నూటయాభై గ్రాములంటే మొత్తం డెబ్భై అయిదు కిలోల గుడ్డ. చేలో తీసిన పత్తిలో గింజ పోను దూది మూడో వంతే. మిల్లుల్లో పోయే తరుగు కూడా కలిపితే రెండున్నర క్వింటాళ్ళ పత్తి. ఎకరాకు పది క్వింటాళ్ళు వచ్చిందనుకుంటే పావెకరం చేను. ఆ పావెకరానికి తైవాన్ పంపు వీపున కట్టుకుని మందు కొట్టిన మనిషి ఒకరుంటారు. 2017లో మహారాష్ట్ర యవత్‌మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొడతా ఆ విషం ఒంటికెక్కి ఇరవై మందికి పైగా చనిపోయారు. పట్నంలో ‘నేను పర్యావరణానికి మేలు చేశా’ అనుకునే సంచి బిల్లు, పల్లెలో ఇట్టా కట్టాల్సొచ్చిద్ది.

అయితే ప్లాస్టికే మేలా?

కాదు. ఆ లెక్కలు వేసింది ఇంగ్లండులో, డెన్మార్క్‌లో. అక్కడ చెత్త ఇంటి కాడినుంచి బండెక్కి ఫ్యాక్టరీకి పోయిద్ది. డెన్మార్క్‌లో దాన్ని కాల్చి కరెంటు, వేడి తీస్తారు. మన దగ్గర ప్లాస్టిక్ కవరు యాడికి పోయిద్దో మీకు తెలుసు. పంట కాలువలోకి, మురుక్కాలవలోకి, గేదె పొట్టలోకి. లేదంటే పొద్దున్నే వీధి చివర తగలబెడితే ఆ పొగ మన ఊపిరితిత్తుల్లోకి. కాలవకు అడ్డం పడ్డ కవరునూ, గేదె మింగిన కవరునూ ఆ లెక్కలు పట్టించుకోలేదు. మన ఊరి లెక్కలో అవి రాయాల్సిందే.

కాబట్టి ప్లాస్టిక్ కవరు చెడ్డదే. కొత్త గుడ్డ సంచి కూడా ఊరికే మంచిదైపోదు. ఇంట్లో ఉన్న పాత సంచే అన్నిటికంటే మంచిది. దాని ఖర్చు భూమి ఎప్పుడో కట్టేసింది. ఇంకోసారి వాడితే కొత్తగా ఖర్చేమీ పడదు.

అత్త యూరియా సంచి సంగతి ఇప్పుడు చూడండి. అది ప్లాస్టిక్ నారతో నేసిందే. కానీ ఎరువు మోసే పని అయిపోయినాక అది చెత్తలోకి పోవాల్సిన గోతం. ఆమె దాన్ని కడిగి, కుట్టి, నాలుగేళ్ళు మోసింది. వారానికొకసారి లెక్కేసినా రెండొందల సార్లు. ఆ రోజు కూరగాయల కొట్ల కాడ ఉన్న అందరిలో పర్యావరణానికి ఎక్కువ మేలు చేసింది ఆమే. మేం ఆమెకు బుద్ధి చెప్పబోయాం. ఒక జాగ్రత్త మాత్రం చెప్తా. పురుగుమందు వచ్చిన సంచులూ, మందు పట్టించిన విత్తనాల సంచులూ ఎంత కడిగినా ఇంటి వాడకానికి వద్దు. గోతం ఎండకు పెళుసై పోగులు రాలతంటే ఇంక వాడకూడదు.

గుడ్డ వేషం వేసిన ప్లాస్టిక్

ఇంకో తిరకాసు ఉంది. బట్టల కొట్లలో, చెప్పుల కొట్లలో మెత్తగా, రంగురంగుల్లో ఒక సంచి ఇస్తారు చూడండి. గుడ్డ సంచి అనుకుని చాలామంది దాచుకుంటారు. అది గుడ్డ కాదు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ను కరిగించి దారాలుగా తీసి, నేయకుండా అతికించింది. యూరియా గోతానికి వాడేదీ అదే ప్లాస్టిక్, కాకపోతే గోతం గట్టిగా ఉంటది, ఇది నాలుగు వాడకాలకే చిరిగిద్ది. 2021 సెప్టెంబరు 30 నుంచి చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే పల్చటివి ఇయ్యకూడదని కేంద్రం రూలు పెట్టింది కూడా. అనుమానం ఉంటే ఆరుబయట ఒక పోగు పట్టకారతో పట్టుకుని కాల్చి చూడండి. పత్తయితే కాగితం లాగా కాలి బూడిద అయిద్ది. ప్లాస్టిక్ అయితే కరిగి, ఉండ కట్టుద్ది.

టీ కొట్టు కాడ పేపరు గ్లాసు కూడా ఇట్టాంటిదే. కాగితం అయితే టీకి నానిపోవాలిగా? లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటది కాబట్టే నానదు. ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్ళు 2020లో పరీక్ష చేశారు. వేడి ద్రవం వంద మిల్లీలీటర్లు పోసి పావుగంట ఉంచితే, కంటికి కనపడని ప్లాస్టిక్ ముక్కలు దాదాపు పాతిక వేలు అందులో కలిసినయ్. ప్లాస్టిక్ గ్లాసు మానేశామని మనం పేపరు గ్లాసులో తాగేది ఇది. గాజు గ్లాసు కడిగి ఇచ్చే టీ కొట్టును వెతుక్కోండి, లేదా మీ స్టీలు గ్లాసు మీరు తెచ్చుకోండి.

బీటీ విత్తనం చెప్పిన పాఠం

‘పచ్చ’ మాట నమ్మి మన పల్లె మోసపోవడం సంచితో మొదలు కాలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడింది. అప్పుల్లో మునిగి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నేనప్పుడు చిన్నపిల్లోణ్ణి. పెద్దోళ్ళు అరుగుల మీద గొంతు తగ్గించి మాట్లాడుకోవడం గుర్తుంది. మందు మీద మందు కొట్టడమే దోమను పెంచిందని తర్వాత తెలిసింది.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చినప్పుడు, ‘మందు కొట్టే పని తగ్గిద్ది’ అన్నారు. అది అబద్ధం కాదు. మొదటి ఏళ్ళలో కాయతొలిచే పచ్చపురుగుకు కొట్టే మందులు బాగా తగ్గినయ్. కానీ ఆ మేలు నిలవాలంటే ఒక షరతుంది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు ఇచ్చేవాళ్ళు, గుర్తుందా? చేను చుట్టూ అవి వేయాలి. ఆ మామూలు మొక్కల మీద బతికిన పురుగులు, బీటీకి అలవాటు పడ్డ పురుగులతో కలిస్తే, బీటీని తట్టుకునే గుణం తొందరగా పాకదు. అది మన భాషలో కూర్చోబెట్టి చెప్పినోళ్ళు తక్కువ. కౌలు కట్టే రైతు నాలుగు వరసలు పురుగుకు వదిలేయడానికి ఒప్పుకుంటాడా? ఆ చిన్న ప్యాకెట్లు గట్ల మీదే పోయినయ్.

2010లో గుజరాత్‌లో బీటీ-1ను తట్టుకునే గులాబీ రంగు పురుగు బయటపడింది. తర్వాత బీటీ-2ను కూడా తట్టుకుంది. పచ్చదోమ, తామర పురుగు లాంటి రసం పీల్చే వాటికి బీటీ ముందునుంచీ పని చేయదు. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన కేశవ్ క్రాంతి, అమెరికా శాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ కలిసి 2020లో ‘నేచర్ ప్లాంట్స్’ పత్రికలో ఇరవై ఏళ్ళ లెక్క రాశారు. మన పత్తి రైతు పురుగుమందులకు పెట్టే ఖర్చు బీటీ రాకముందు కంటే ఇప్పుడే ఎక్కువని తేల్చారు.

సంచి కథ, విత్తనం కథ ఒకటే. మేలు వస్తువులో ఉండదు, వాడకంలో ఉంటది. ఆ షరతు చెప్పకుండా వస్తువును మాత్రం అమ్మేవాడు ఉంటాడు.

మరి కరెంటు బండి?

నన్ను మీలాంటి కుర్రోళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ‘అన్నా, కరెంటు కూడా బొగ్గు నుంచే కదా, బండి మారిస్తే లాభమేంది?’ అని. మంచి ప్రశ్న. లెక్క కడదాం.

లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వచ్చిద్ది. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బండి వంద కిలోమీటర్లు తిరిగితే దాదాపు 5 కిలోలు. కరెంటు స్కూటరుకు, ఛార్జింగ్‌లో పోయేదీ కలిపి వంద కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లనుకుందాం. మన దేశంలో కరెంటులో దాదాపు మూడొంతులు బొగ్గుదే కాబట్టి యూనిట్‌కు 0.7 కిలోలు పడిద్ది. అంటే రెండున్నర కిలోలు. బొగ్గు కరెంటయినా సగానికి సగం తగ్గినట్టే. ఇంటి మీద సోలార్ ఉంటే ఇంకా తగ్గిద్ది.

కానీ బ్యాటరీ చేయడానికి ముందే కొంత పొగ ఖర్చయి ఉంటది. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీకి మూడొందల కిలోలు వేసుకుందాం. వంద కిలోమీటర్లకు రెండున్నర చొప్పున మిగిలిస్తే ఆ బాకీ తీరడానికి 12,000 కిలోమీటర్లు తిరగాలి. రోజూ పనికి పోయి రాను నలభై కిలోమీటర్లు తిరిగే కుర్రోడికి ఆ బాకీ ఏడాదిలోపే తీరిద్ది. ఆ తర్వాతదంతా మేలే. వారానికొకసారి మాత్రం అంత దూరం పోయేవాడికి ఆరేళ్ళు పట్టిద్ది. బాగా నడిచే బండిని పక్కన పడేసి, స్టేటస్ కోసం కొని షెడ్డులో పెట్టేవాడికి అసలు తీరదు. ఎటూ కొత్త బండి కొనక తప్పనోడికి మాత్రం కరెంటుదే నయం.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

ఇకనుంచి ఎవరన్నా ‘ఇది పర్యావరణానికి మేలు’ అని ఏదన్నా చేతిలో పెడితే మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఇది దేని బదులు? పాతది ఇంకా పని చేస్తంటే దీని అవసరం ఏంది? రెండు, ఎన్నిసార్లు, ఎన్నేళ్ళు వాడితే దీని బాకీ తీరిద్ది? నేను అంతకాలం వాడతానా? మూడు, దీని బిల్లు ఎవరు కడతన్నారు? ఏ చేను, ఏ కాలవ, ఎవరి ఒళ్ళు?

మూడో ప్రశ్న మనమే అడగాలి. పట్నంలో కూర్చున్నోడికి అది కనపడదు. మన ఇళ్ళల్లో కనపడిద్ది.

మేం సంచులు పంచిన తర్వాత ఏడాదికి, అవి ఏమైనయ్యో చూద్దామని ఇల్లిల్లూ తిరిగాం. చాలా ఇళ్ళల్లో అవి బీరువా కింద మడతలు పెట్టి ఉన్నయ్. వాటితో పాటు పెళ్ళిళ్ళలో ఇచ్చినవి, కొట్లలో ఇచ్చినవి, మీటింగుల్లో ఇచ్చినవి. కొన్ని ఇళ్ళల్లో పదికి పైనే. ఒక్కటీ 52 సార్లు తిరిగింది కాదు. మేం ఒక్క కొత్త సంచి కుట్టించకుండా ఆ ఇళ్ళల్లో ఉన్న సంచులే ఊరందరికీ సరిపోయేవి.

ఇప్పుడు మేం చేసే పని చిన్నది. వాడకుండా పడున్న సంచులు అడిగి తెచ్చి, రెండు కూరగాయల కొట్లలో మేకులకు తగిలించాం. సంచి మర్చిపోయినోళ్ళు ఒకటి తీసుకుపోతారు, మళ్ళీ వచ్చేటప్పుడు తెచ్చి తగిలిస్తారు. కొన్ని తిరిగి రావు. ఎక్కువ వస్తన్నయ్. కొత్త అచ్చు లేదు, చెట్టు బొమ్మ లేదు, ఫొటో లేదు.

పోయిన నెల అత్త కొట్టు కాడ కనపడింది. చేతిలో అదే యూరియా సంచి, పిడులు మాత్రం పాత చీర పేలికతో కొత్తగా కుట్టింది. మేకుకు తగిలించిన సంచుల్ని చూసి, “ఇయ్యన్నీ అప్పుడు పంచినయ్యేనా?” అంది. అవునన్నా. “ఇప్పుడు పనికొచ్చినయ్” అని రెండు కిలోల వంకాయలు తూయించుకుని పోయింది.

ఈ రాత్రి మీ ఇంట్లో ఎన్ని సంచులున్నయ్యో లెక్కబెట్టండి. కొత్తది ఎవరన్నా ఇస్తే ఆ అంకె చెప్పి వద్దనండి.